బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజీ డాక్టరేట్: సోంపేటలో ఉండగానే చూసుకోవాల్సినవి

మా సోంపేట వైపు పిల్లలు ఏ యూనివర్సిటీ మంచిదని అడుగుతారు. నేను ముందు డబ్బు సంగతి తేల్చమంటాను. ఇంగ్లండ్‌లో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ చేసేవాళ్లలో ఎక్కువమందికి అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఫీజు కట్టి, జీతం కూడా ఇస్తుంది. కౌన్సెలింగ్ సైకాలజీలో సాధారణంగా ఆ భాగ్యం లేదు. ఫుల్‌టైమ్ అయితే మూడేళ్లు, ఫీజు మన జేబులోంచే. శిక్షణలో భాగంగా క్లయింట్లతో పనిచేసే ప్లేస్‌మెంట్లలో చాలావాటికి జీతం ఉండదు. జీడితోట తాకట్టు పెట్టే ముందు ఇంటిల్లిపాదీ కూచుని లెక్క వేసుకోండి.

తర్వాత అర్హత. సైకాలజీ డిగ్రీ స్థాయిలో సరిపడా చదివారని బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ ఇచ్చే జీబీసీ గుర్తింపును కోర్సులు అడుగుతాయి. డిగ్రీలో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా సైకాలజీ చదివితే చాలకపోవచ్చు. అప్పుడు ఆ లోటు పూడ్చే కన్వర్షన్ కోర్సు ఒకటి అదనం. సిలబస్ కాపీలు చదువుతున్నప్పుడే తీసి దాచుకోండి, తర్వాత వాటికోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మహా విసుగు.

అనుభవానికి వైజాగ్ దాకా పోనక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ రోగులు డయాలసిస్ మీద ఉన్న నాలుగేసి గంటలూ వాళ్ల భార్యలు, కూతుళ్లు బయట కూచునే ఉంటారు. అలాంటి కుటుంబాలతో పనిచేసే సంస్థ ఉంటే చేరండి, సలహాలివ్వడానికి కాదు, వినడానికి.

కోర్సులో చెమటలు పట్టించేది ప్రాసెస్ రిపోర్ట్. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన సెషన్‌లో కొన్ని నిమిషాలు తీసుకుని, ప్రతి మాటా, ప్రతి మౌనమూ రాసి, నేనిలా ఎందుకన్నానో పక్కన వివరించాలి. దీన్ని ఇక్కడే సాధన చెయ్యొచ్చు. స్నేహితురాలిని అడిగి, మీ ఇద్దరి మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యండి.

ఆమె: "అమ్మకి డయాలసిస్ మొదలెట్టారే. నాకేటీ తోచట్లేదు."
మీరు: "బెంగ పెట్టుకోకు, అన్నీ సర్దుకుంటాయి."
ఆమె: "ఆఁ... అంతేలే." కాస్త మౌనం. "నీ పరీక్షలెప్పుడు?"

ఆ "అంతేలే" దగ్గర ఆగండి. ఆమె చెప్పబోయింది అక్కడే ఆగిపోయింది. సర్దుకుంటాయన్న మాట ఎవరి టెన్షన్ తగ్గించడానికి వచ్చింది, ఆమెదా, మీదా? దీనికి దాపరికం లేకుండా జవాబు రాయగలిగితే మొదటి ఏడాది భయం సగం పోతుంది. పనయ్యాక రికార్డింగ్ చెరిపేయండి.

క్లయింట్లతో సాధారణంగా 450 గంటలు పూర్తిచెయ్యాలి. మీరు కూడా క్లయింటుగా థెరపీకి వెళ్లాలి. చాలా కోర్సుల్లో కనీసం 40 గంటలు, అదీ సొంత ఖర్చుతో. ఈ విషయం ఇంట్లో ముందే చెప్పండి. మా అమ్మ "నీకేటయిందే!" అని అరసవల్లి స్వామికి మొక్కేసుకుంది.

థీసిస్‌కి మన ప్రాంతాన్నే తీసుకోవాలనిపిస్తే మంచిదే. మనుషులు తమ అనుభవాన్ని ఎలా అర్థం చేసుకుంటారో చూసే ఐపీఏ లాంటి పరిశోధన పద్ధతుల్లో కొద్దిమందితోనే లోతుగా మాట్లాడతారు. అయితే యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతి రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలెట్టకూడదు. మాట్లాడినవాళ్లెవరో తెలియకుండా థీసిస్‌లో పేరొక్కటి మారిస్తే సరిపోదు. ఎన్నెకరాల తోటో, అల్లుడు ఏ దేశంలో ఉన్నాడో రాస్తే చాలు, కవిటి మండలంలో ఇట్టే గుర్తుపట్టేస్తారు.

బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరు ఉంటేనే కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలి. తిరిగొచ్చి ఇక్కడ క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేద్దామనుకుంటే అది పనికిరాదు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ వేరే కావాలి. తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్లు అప్లికేషన్ పెట్టకముందే ఆర్‌సీఐకి రాసి అడగండి.