ప్రశ్న పట్టుకుని వీధిలోకి – 4వ పాఠం: అవ్వకు అర్థమయ్యే ప్రశ్న

పోయిన పాఠం ఆఖర్లో మన ప్రశ్న ఒక కొలిక్కి వచ్చింది. "వలస వల్ల కుటుంబాలపై పడే మానసిక ప్రభావం" అని మొదలుపెట్టాం. చెక్కగా చెక్కగా ఇంత మిగిలింది: బెంగళూరులో పనిచేసే కొడుకో కూతురో ఫోన్ చేసిన రోజు రాత్రికీ, చేయని రోజు రాత్రికీ అనంతపురంలో ఉన్న తల్లి నిద్రలో తేడా ఉంటుందా? పదిమంది తల్లులు, 14 రోజులు, రోజూ పొద్దున ఐదు నిమిషాలు. డిగ్రీలో సైకాలజీ చదివేవాళ్లు ల్యాబు లేకుండా, పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన అధ్యయనం ఇది.

ఈసారి నేర్చుకునేది ఒకటే పని. ఆ తల్లిని అడగబోయే ప్రశ్నలు రాయడం, అవి పనికొస్తాయో లేదో అసలు పనికి దిగకముందే తేల్చుకోవడం. నేను డిగ్రీ మూడో ఏట సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాను. అందుకే దీనికి ఒక పాఠం మొత్తం కేటాయిస్తున్నాను.

అప్పట్లో ప్రాజెక్టు కోసం ఒక ఇంగ్లిష్ ప్రశ్నావళిని డిక్షనరీ ముందు పెట్టుకుని ఒక్క రాత్రిలో తెలుగు చేశాను. 40 జిరాక్సులు తీసుకుని, కళ్యాణదుర్గం రోడ్డులో ఉన్న మా పెద్దమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వను "గడిచిన మాసంలో మీరు ఎంత తరచుగా ఆందోళనకు, అసహనానికి లోనయ్యారు?" అని అడిగాను. అవ్వ నా మొహం, నా చేతిలోని కాగితం మార్చి మార్చి చూసి, "ఏం పాపా, గవర్నమెంటోళ్లు పంపినారా? పింఛన్ తీసేస్తారా ఏమి?" అంది. కాదని ఎంత చెప్పినా ఆ భయం పోలేదు. చివరికి నేనే "అప్పుడప్పుడు" అనే గడిలో టిక్కు పెట్టుకున్నాను. ఆ టిక్కు అవ్వది కాదు, నాది. ఆ రోజు నింపిన కాగితాల్లో అట్లాంటివి ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాగితాలు సంచిలో పెట్టేసి టీ తాగుతుంటే అవ్వ తనంతట తానే మొదలుపెట్టింది. "రాత్రిళ్లు నిద్ర రాదు పాపా. ఊరికే యోచన చేస్తాంటా. వాన పడదు, వాడు ఫోన్ చెయ్యడు. బేజారైపోయింది." నేను వెతుకుతున్నదంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. నా ప్రశ్నావళిలో మాత్రం "యోచన" లేదు, "బేజారు" లేదు.

మన సీమలో "యోచన" అంటే ఆలోచన ఒక్కటే కాదు, తెగని దిగులు కూడా. "బేజారు" కన్నడం వైపు నుంచి వచ్చి అనంతపురంలో స్థిరపడిన మాట. విసుగు, నీరసం, ఏమీ చేయబుద్ధి కాకపోవడం, మూడూ అందులో ఉన్నాయి. కొందరు మనసు మాట ఎత్తకుండా గుండె దడ, తల భారం, కడుపులో మంట అని ఒంటి బాధగా చెబుతారు. మార్క్ నిక్టర్ అనే మానవ శాస్త్రవేత్త దక్షిణ కన్నడ ప్రాంతపు ఆడవాళ్ల మధ్య పనిచేసి, 1981లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశారు. బాధను చెప్పుకోవడానికి ప్రతి సమాజానికీ తనదైన నుడి ఉంటుందనీ, ఆ నుడి తెలియని పరిశోధకుడికి బాధ కళ్లెదుట ఉన్నా కనిపించదనీ దాని సారం. మన పక్క రాష్ట్రంలోనే పుట్టిన ఆలోచన కాబట్టి మనకు మరీ దగ్గరిది.

కాబట్టి ప్రశ్న రాయడానికి ముందు మాటలు ఏరుకోవాలి. ముగ్గురితో చాలు, ఒక్కొక్కరి దగ్గర ఇరవై నిమిషాలు. కుళాయి దగ్గరో, రేషన్ షాపు ముందో, ఎక్కడైనా సరే. ఒక్క మాట అడగండి: "బెంగళూరు నుంచి ఫోన్ రాకపోతే ఆ రాత్రి ఎట్లుంటుందమ్మా?" తర్వాత ఊరుకోండి. ఆమె "నిద్ర పట్టల్యా" అంటే నోట్‌బుక్‌లో "నిద్ర పట్టల్యా" అనే రాయాలి, "నిద్రలేమి" అని కాదు. అట్లా మార్చి రాసిన క్షణమే ఆమె మాట పోయి మీ మాట వచ్చి కూర్చుంటుంది. కడపలో, కర్నూలులో ఉన్నవాళ్లు నా మాటలు వాడొద్దు. మీ వీధిలోవి మీరే ఏరుకోండి.

ఇక ప్రశ్నలు. మన అధ్యయనానికి నేను రాసుకున్నవి ఇవి:

"రాత్రి పడుకున్నాక నిద్ర పట్టేదానికి ఎంతసేపు పట్టిందమ్మా?"
"మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?"
"పొద్దున లేచేసరికి ఒళ్లు ఎట్లుంది?"
"నిన్న బెంగళూరు నుంచి ఫోన్ వచ్చిందా?"
"మీరేమన్నా ఫోన్ చేశారా?"

ఫోన్ మాట ఆఖర్న ఎందుకు పెట్టానో గమనించండి. ముందే ఫోన్ గురించి అడిగితే మనం ఏం వినాలనుకుంటున్నామో ఆమెకు తెలిసిపోతుంది. "అయ్యో, వాడు చెయ్యలేదే" అనుకున్నాక రాత్రి నిద్ర కూడా చెడ్డగానే గుర్తుకొస్తుంది. ప్రశ్నల వరస జవాబును మారుస్తుంది. అలాగే ఫోన్ వాళ్లు చేయడం, మీరు చేయడం అనేవి రెండు ప్రశ్నలు. "ఫోన్‌లో మాట్లాడుకున్నారా" అని కలిపేస్తే, కొడుకు చేస్తాడని రాత్రి పదిదాకా చూసి తానే చేసిన తల్లి, సాయంత్రమే కొడుకు ఫోన్ అందుకున్న తల్లి ఒకే గడిలో పడతారు. మనకు కావలసిన తేడా అక్కడే మాయమవుతుంది. నా పాత ప్రశ్నలో "ఆందోళనకు, అసహనానికి" అని రెండింటిని ఒక తాడుకు కట్టింది కూడా ఇదే తప్పు.

తెలుగులో అడిగేటప్పుడు ఇంకో రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. ఒకటి "కదా". "నిద్ర సరిగా పట్టలేదు కదా?" అంటే పెద్దవాళ్లు మర్యాదకైనా "అవును పాపా" అంటారు, ఎదుటి మనిషి మాట కొట్టేయడం వాళ్లకు ఇష్టం ఉండదు. రెండోది "లేదా" మీద ముగిసే ప్రశ్న. "నిద్ర పట్టలేదా?" అని అడిగితే "ఊఁ" అంటే పట్టలేదని. కొందరు "లేదు" అంటారు, దానికీ పట్టలేదనే అర్థం. ఊఁ, లేదు రెండూ ఒకటే అయ్యే ప్రశ్న జవాబును సాయంత్రం గదిలో కూర్చుని పట్టికలోకి ఎక్కించేటప్పుడు తప్పకుండా తికమకపడతారు. "ఎంతసేపు", "ఎన్నిసార్లు", "ఎట్లుంది" అని అడగడం మంచిది.

గడియారం చూసే అలవాటు లేనివాళ్లకు "ఎంతసేపు" కూడా కష్టమే. అప్పుడు ఆ ఇంటి గుర్తులు వాడండి: టీవీ సీరియల్ అయిపోయాకనా, ఆఖరి బస్సు పోయాకనా, కోడి కూసేదాకానా. ఆ ఊరి ఆఖరి బస్సు ఎన్నింటికో మీరు విడిగా తెలుసుకుని నిమిషాల్లోకి మార్చుకోవచ్చు.

"ఒళ్లు ఎట్లుంది" అనేదాన్ని కొలవడం అసలు చిక్కు. రెన్సిస్ లైకర్ట్ 1932లో చూపించిన మెట్ల పద్ధతిని మీరు క్లాసులో చదివే ఉంటారు: పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అసలు ఒప్పుకోను దాకా ఐదు గడులు. బడికి వెళ్లని అరవై ఏళ్ల మనిషికి అవి ఉత్త గడులు. నేను ఐదు చెనక్కాయ విత్తనాలు ఆమె ముందు పెడతాను. "ఒళ్లు బాగా తేలిగ్గా ఉంటే ఐదూ తీసుకోమ్మా, అస్సలు బాగలేకుంటే ఒక్కటీ తీసుకోవద్దు." మెట్లు ఐదు కాదు, సున్నా నుంచి ఐదు దాకా ఆరని గుర్తుపెట్టుకోండి, లెక్క రాసేటప్పుడు ఇక్కడ పొరపడతారు. అసలు ప్రశ్నకు ముందు ఒకసారి అలవాటు చేయించాలి: "నిన్న ఎండ ఎట్లుండె? చానా ఎక్కువుంటే ఐదూ, అసలు లేకుంటే ఒక్కటీ వద్దు." ఆమె నవ్వుతూ ఐదూ తీసుకుంటే ఆట అర్థమైనట్టే.

ఇంగ్లిష్‌లో అచ్చయిన స్కేలే వాడాల్సి వస్తే తిరుగు అనువాదం చేయించండి. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన పద్ధతి ఇది. మీ తెలుగును, అసలు ప్రతి చూడని ఇంకొకరు మళ్లీ ఇంగ్లిష్ చేస్తారు. రెండు ఇంగ్లిష్‌లూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో తెలుస్తుంది. వాడుకోవడానికి అనుమతి కావాలేమో కూడా చూసుకోండి.

ఇప్పుడు పరీక్ష. మన పదిమందిలో లేని ఐదుగురిని అడగండి. జవాబు తీసుకుని ఊరుకోకుండా, "నేను అడిగింది మీకేం అర్థమయింది? మీ మాటల్లో చెప్పండమ్మా" అనండి. ఒకామె "మెలకువ" అంటే తెల్లారి లేవడం అనుకుందని నాకు ఇట్లాగే తెలిసింది. "నడిరేత్రి" అని చేర్చాను. మార్చిన ప్రతిసారీ పాత కాగితం దాచి, తేదీ వేసి, ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాయండి. ఆ పాత కాగితాలు ఎంత విలువైనవో కింద చెబుతాను.

అన్నిటికంటే ముందు అనుమతి. ముందు మీ గైడ్‌ను, కాలేజీలో నైతిక కమిటీ ఉంటే దాన్ని అడగాలి. తర్వాత ఆ తల్లిని. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోని సమ్మతి నియమాలను మన భాషలోకి దించితే ఇట్లా ఉంటుంది: "అమ్మా, నేను కాలేజీలో చదువుకుంటున్నా. నిద్ర గురించి, పిల్లలతో మాట్లాడేదాని గురించి తెలుసుకుంటున్నా. గవర్నమెంటు పని కాదు, పింఛనుకూ దీనికీ సంబంధం లేదు. మీ పేరు ఎక్కడా రాయను. ఇష్టం లేకుంటే వద్దనండి, మధ్యలో అయినా ఆపేయొచ్చు." విషయం దాచడం లేదు, మనం ఊహిస్తున్న జవాబు మాత్రం చెప్పడం లేదు.

చావు గురించి, ప్రాణం తీసుకోవడం గురించి అడిగే ప్రశ్నలు విద్యార్థి ప్రాజెక్టులో సొంతంగా పెట్టొద్దు. డిప్రెషన్‌ను కొలిచే ప్రసిద్ధమైన తొమ్మిది ప్రశ్నల పట్టికలో ఆఖరిది అదే. "అవును" అనే జవాబు వస్తే ఏం చేయాలో తెలిసిన గైడ్ వెనక ఉంటే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. కరువు చూసిన జిల్లాలు మనవి, ఆ "అవును" మీకు ఎదురుకావచ్చు. అడగకుండానే ఎవరైనా అట్లా మాట్లాడితే నోట్‌బుక్ మూసేయండి. దగ్గర కూర్చుని వినండి, ఇంట్లోవాళ్లను పిలవండి, ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు కలిపివ్వండి, అదే రోజు గైడ్‌కు చెప్పండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి పాఠం నుంచీ డైరీకి రెండు పేజీలు వాడమంటున్నాను కదా: ఎడమ పేజీలో జరిగింది, కుడి పేజీలో మీకు అనిపించింది. ఐదుగురితో పరీక్ష అయిపోయాక కుడి పేజీలు మాత్రమే వరసగా చదవండి. "డిగ్రీ అయ్యాక ఏం చేద్దాం" అని మీరు పడే టెన్షన్‌కు కొంత జవాబు అక్కడ దొరుకుతుంది.

వింటూ వింటూ టైం మర్చిపోయానని చాలాచోట్ల రాసుంటే మీ మనసు కౌన్సెలింగ్, క్లినికల్ వైపు ఉంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఫీజు కట్టేశాక తెలుసుకుంటున్నారు. మామూలు ఎం.ఏ. సైకాలజీతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోలేరు. 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి, ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ కోర్సుల పేర్లు, రూపాలు ఈమధ్య మారుతున్నాయి. చేరబోయే సంస్థ మండలి జాబితాలో ఈ ఏడాది ఉందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

గింజల లెక్క పట్టికలోకి ఎక్కించేటప్పుడు ఉత్సాహం వచ్చిందా? అయితే పీజీ, తర్వాత యూజీసీ నెట్ పరీక్ష, పీహెచ్‌డీ దారి. స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టండి.

తల్లి నిద్ర కంటే ఆ ఊరికి నీళ్లు రాకపోవడం, ఆసుపత్రి దూరం కావడం మీ కుడి పేజీల్లో ఎక్కువగా కనిపిస్తే సోషల్ వర్క్ వైపు చూడండి. సైకియాట్రిక్ సోషల్ వర్క్ అని ప్రత్యేక చదువే ఉంది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా ఎక్కడిదో తెలుసా? మన పక్కనున్న బళ్లారిది. 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ జిల్లాలో, మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారానే మానసిక వైద్యం అందించవచ్చని చేసి చూపించారు. 1882లో బళ్లారి నుంచి విడదీసిందే మన అనంతపురం జిల్లా. పెద్ద పని పెద్ద నగరంలోనే జరుగుతుందనే మాటను నేను నమ్మకపోవడానికి ఇదొక కారణం.

ఎవరి గుమ్మం ముందు నిలబడాలన్నా గుండె బరువెక్కిందని రాసుంటే అదీ తెలుసుకోవాల్సిందే. హెచ్‌ఆర్, టీచింగ్, గ్రూప్స్, ఏ వైపు వెళ్లినా ఈ చదువు వృథా కాదు. రెండేళ్లు, లక్షలు పెట్టాక తెలిసేకంటే ఇప్పుడే తెలియడం మేలు.

దాచమన్న పాత కాగితాలు పీజీ దరఖాస్తులో, ఇంటర్వ్యూలో పనికొస్తాయి. "వలసపై పరిశోధన చేశాను" అనే వాక్యం ఎవరైనా రాయగలరు. "మూడుసార్లు ప్రశ్నలు మార్చాను, మెలకువ అనే మాటను తల్లులు వేరేగా అర్థం చేసుకున్నారు కాబట్టి" అని పని చేసినవాళ్లే రాయగలరు. మన రాష్ట్రంలో 2020-21 పాఠ్యప్రణాళికతో డిగ్రీలోకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ వచ్చాయి. ఆ గంటలను ఈ పనికి వాడుకోవచ్చేమో మీ లెక్చరర్‌ను అడగండి.

వచ్చే పాఠానికి మీ పని: ముగ్గురి దగ్గర మాటలు ఏరుకోవడం, ఐదు ప్రశ్నలు రాయడం, ఐదుగురితో పరీక్షించడం, కనీసం ఒక్కసారి మార్చడం. పదిమంది, 14 రోజులు కలిస్తే 140 పొద్దులు. వాటిని 140 మంది మనుషులుగా లెక్కేస్తే ఎందుకు తప్పో, పట్టిక ఎట్లా గీయాలో ఐదో పాఠంలో చూద్దాం.

ఇళ్లకు ఏడు లోపే వెళ్లండి. ఆలస్యమైతే కూలికి వెళ్లిపోతారు. విత్తనాలు మీవే తీసుకెళ్లండి, వాళ్లింట్లోవి అడగొద్దు.