నిజాం కాలం డాక్టరు ముత్తాత చరిత్ర రాయాలంటే

హనుమకొండ, మట్టెవాడ వైపు నిజాం కాలంలో డాక్టరీ చేసిన పెద్దాయన గురించి రాయాలనుకునే కుటుంబాలు దాదాపుగా కథలతోనే మొదలుపెడతాయి. అర్ధరాత్రి కచ్చురం బండి కట్టించుకుని పోయి కాన్పు చేశాడని, పేదోళ్ల దగ్గర పైసా ముట్టలేదని చెప్తారు. అవి రాసుకోవాల్సినవే. కాకపోతే వాటిని పట్టుకుని పోతే ఏ దఫ్తరులోనూ కాగితం దొరకదు. ముందు తేల్చుకోవాల్సింది ఆయన ఎక్కడ చదివాడన్నది. పాత ఉత్తరాల మీద, మందుచీటీల మీద, ఇంటి ముందు పలక మీద పేరు వెనక ఏ అక్షరాలున్నాయో చూడండి.

ఎల్‌.ఎం.పి. (వైద్యం చేయడానికి లైసెన్సు ఇచ్చే డిప్లొమా) ఉంటే మొదట మద్రాసు వైపు వెతకాలి. ఎల్‌.ఎం.ఎస్‌. (మెడిసిన్, సర్జరీ లైసెన్సు చదువు) అయితే మద్రాసూ కావచ్చు, బొంబాయీ కావచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టర్ల రిజిస్ట్రేషన్ చట్టం 1914లో వచ్చింది కాబట్టి అక్కడ నమోదైన వాళ్ల వివరాలు ఆ తర్వాతి జాబితాల్లో వెతకొచ్చు. ఎల్‌.ఆర్‌.సి.పి. (బ్రిటన్ రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ లైసెన్సు) ఉంటే సీమకు పోయి వచ్చినట్టే. బ్రిటన్ మెడికల్ రిజిస్టరు 1859 నుంచి అచ్చవుతోంది. ఈ అక్షరాలేవీ లేకుండా ‘హకీం’ అని మాత్రమే ఉంటే యునానీ వైద్యుడని వెంటనే తీర్మానించొద్దు. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాలలో ఇంగ్లీషు వైద్యాన్ని ఉర్దూలో నేర్చుకున్న వాళ్లకూ ఆ బిరుదు ఉండేది. ఆ బడికి ప్రిన్సిపాలుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ దగ్గర చదివిన వాళ్లు క్లోరోఫాం మత్తు ఇచ్చేటప్పుడు నాడి మీద కాదు, ఊపిరి మీద కన్నుంచాలని నేర్చుకున్నారు. ‘మా తాత ఎప్పుడూ ఊపిరి చూడు, ఊపిరి చూడు అనేవాడు’ అని ఇంట్లో ఎవరైనా గుర్తు చేసుకుంటే ఆ మాట రాసుకోండి. ఆ మత్తుమందును పరీక్షించిన 1888, 1889 హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల నాటి చదువుకు అది ఒక ఆనవాలు.

ఎక్కువమంది బోల్తా పడేది తేదీల దగ్గర. సర్కారు కాగితాల్లో ఫసలీ (నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) ఉంటుంది, ఖాజీ రాసిన నిఖానామాలో హిజ్రీ ఉంటుంది, ఇంట్లో తద్దినం తిథి మాత్రమే గుర్తుంటుంది. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. 1328 ఫసలీ ఆజూర్ అంటే 1918 అక్టోబరు. అదే సమయానికి హిజ్రీ 1337 మొదలైంది. ఆ 1337ని ఫసలీ అనుకుని లెక్క కడితే ముత్తాత తొమ్మిదేళ్లు ఎక్కువ బతుకుతాడు. అంకె చివర ‘ఫే’ అక్షరం ఉంటే ఫసలీ, ‘హే’ ఉంటే హిజ్రీ. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉర్దూలో సున్నా అంటే ఒక చుక్క, గుండ్రంగా ఉండేది అయిదు. తెలుగు కంటికి అయిదు సున్నాలా కనబడి 1325 కాస్తా 1320 అవుతుంది. రెండుకీ మూడుకీ తేడా పైన పన్నులాంటి ఒక్క గీత. చేతిరాతలో అది కూడా అరిగిపోయి ఉంటుంది కాబట్టి భూతద్దం లేకుండా చదవొద్దు.

తిథి కూడా తక్కువ ఆధారమేమీ కాదు. ‘కాళయుక్తి ఆశ్వయుజంలో పోయాడు’ అని పెద్దమ్మ చెప్పిందనుకోండి. కాళయుక్తి అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1918–19 ఒకటి, 1978–79 ఇంకొకటి. ఈయనకు మొదటిదే కుదురుతుంది. ఆ ఏడు ఆశ్వయుజమంటే అక్టోబరు, అప్పుడు దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా ఉధృతంగా ఉంది. ఆ జబ్బుతోనే పోయాడని దీన్నిబట్టి రాయకూడదు. ఆ నెల కాగితాలు ముందు వెతకడానికి మాత్రం ఇది చాలు. వయసు అడిగితే ముసలివాళ్లు చెప్పలేరు. ‘ఆజంజాహీ మిల్లు పెట్టేనాటికి ఉన్నాడా?’ అని అడగండి, 1934కు ముందో తర్వాతో తెలిసిపోతుంది. మూసీ వరద 1908, పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరు కూడా ఇలాగే పనికొస్తాయి. పెళ్లై వేరే ఊళ్లకు పోయిన ఆడపిల్లల వైపు వాళ్లను తప్పక కలవండి. ఫొటోలు, ఉత్తరాలు ఎక్కువగా వాళ్ల సందుగల్లోనే మిగిలాయి. మేనత్తల్ని అడగకుండా రాసిన వంశవృక్షం సగమే.

సర్కారు నౌకరీ చేసినవాడైతే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. అక్కడ మనిషి పేరుతో అడిగితే లాభం లేదు. శాఖ, ఊరు, ఫసలీ సంవత్సరం పట్టుకుని పోవాలి. వైద్య శాఖను తబాబత్ అనేవారు. సర్కారు గెజిటు ‘జరీదా’లో తఖర్రుర్ అంటే నియామకం, తబాదలా అంటే బదిలీ, రుఖ్సత్ అంటే సెలవు, వజీఫా అంటే పింఛను. ఈ నాలుగు మాటల్ని ఉర్దూ లిపిలో గుర్తుపట్టడం నేర్చుకుంటే పేజీలు త్వరగా తిరుగుతాయి. చేతిరాత ఫైళ్లు షికస్తా అనే గొలుసుకట్టు రాతలో, అక్షరాలు విరిగి కలిసిపోయినట్టు ఉంటాయి. వాటికి ఉర్దూ చదవడం వస్తే చాలదు, పాత దస్తావేజులు చదివిన అలవాటున్నవాళ్లు కావాలి.

పేరు కూడా దొరికినట్టే దొరికి జారిపోతుంది. ఇంటిపేరు రాయకుండా ‘ఫలానా వల్ద్ ఫలానా’ అని రాస్తారు. వల్ద్ తర్వాతది తండ్రి పేరు కనుక వంశవృక్షానికి ఒక తరం అక్కడే దొరుకుతుంది. నర్సింహారావు కాస్తా నర్సింగరావు అవుతాడు, ‘ళ’ వచ్చిన చోట ‘ల’ ఉంటుంది. కనీసం మూడు రూపాలు రాసి పెట్టుకుని వెతకండి. సొంత భూమి ఉన్న కుటుంబమైతే 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) నకలు తీయిస్తే వారసుల వరస తెలిసే అవకాశముంది. గోల్కొండ పత్రిక పాత ప్రతుల్ని, హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర భాషానిలయాన్ని కూడా వదలొద్దు.

ఆయన రోగులకు ఇచ్చిన మందులు రాసుకున్న పుస్తకం దొరికితే అది అన్నిటికన్నా విలువైనది. క్వినైన్ 5 గ్రెయిన్లు అని ఉంటే ఇప్పటి లెక్కలో సుమారు 325 మిల్లీగ్రాములు. 60 గ్రెయిన్లు ఒక డ్రాము. ఏ నెలలో క్వినైన్ ఎక్కువ రాశాడో వరసగా ఎక్కించుకుంటే ఊళ్లో జ్వరాల కాలం కళ్లకు కడుతుంది. పుస్తకాన్ని లామినేషన్ చేయించొద్దు, చిరిగిన చోట సెల్లోటేపు అంటించొద్దు. ఆ జిగురు పసుపుపచ్చగా మారి సిరాను తినేస్తుంది. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట పెట్టి, ఫ్లాష్ లేకుండా, అట్ట నుంచి అట్ట దాకా ఖాళీ పేజీలతో సహా ఫొటో తీయండి. ఫొటోల వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలి. రోగుల పేర్లు, జబ్బులు మాత్రం బయటపెట్టొద్దు. వాళ్ల మనవలు ఇంకా అదే వాడలో ఉంటారు. ఊరు, నెల, మందు వరకు రాసి పేరు దగ్గర గీత పెట్టండి.