వీఎంకి సీపీయూ లిమిట్ ఎక్కడ పడిందో కనిపెట్టడం ఎలా?

వర్చువల్ మెషీన్ (వీఎం) నెమ్మదించగానే చాలామంది చేసే మొదటి పని ఇంకో రెండు వీసీపీయూలు, అంటే వర్చువల్ ప్రాసెసర్లు, పెంచడం. కొన్నిచోట్ల దాంతో సమస్య తీరిపోతుంది. కొన్నిచోట్ల ఇసుమంత తేడా కూడా ఉండదు. ఇంకొన్నిచోట్ల పక్క వీఎంలు కూడా మందగిస్తాయి. ఈ తేడాకి కారణం చాలాసార్లు వీఎం లోపల దొరకదు. ప్రొవైడర్ మీకు రిసోర్సులు ఏ పద్ధతిలో కేటాయించాడో అందులో దొరుకుతుంది. ఉదాహరణకి ప్రొవైడర్లు క్లౌడ్ నడపడానికి వాడే వీఎంవేర్ క్లౌడ్ డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌ని తీసుకుందాం. అందులో ఒక్కో పద్ధతికి ఒక్కో పేరుంది కాబట్టి తేడా సులువుగా కనిపిస్తుంది.

ముందు మూడు మాటలు తెలియాలి. రిజర్వేషన్ అంటే ఎంత రద్దీ ఉన్నా మీకు దక్కే కనీస వాటా. మీరు వాడనప్పుడు దాన్ని వేరేవాళ్లు వాడుకుంటారు. షేర్లు అంటే ఎవరికి ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెలు, ఇవి పోటీ వచ్చినప్పుడే లెక్కలోకి వస్తాయి. లిమిట్ అలా కాదు. హోస్ట్ (వీఎంలు నడిచే ఫిజికల్ సర్వర్) మొత్తం ఖాళీగా ఉన్నా సరే, అది దాటి ఒక్క మెగాహెర్ట్జ్ కూడా ఇవ్వదు. టెన్షన్ అంతా దీనితోనే.

1. గెస్ట్ ఓఎస్ చూపించే వేగాన్ని నమ్మకండి

వీఎంలోకి లాగిన్ అయి దాని లోపలి ఓఎస్‌లో (అదే గెస్ట్ ఓఎస్) చూస్తే ఫిజికల్ కోర్ వేగమే కనిపిస్తుంది, 2.6 గిగాహెర్ట్జ్ అనుకుందాం. లిమిట్ సంగతి ఓఎస్‌కి తెలియదు. సీపీయూ 100 శాతం బిజీ అని చూపిస్తుంది, మీరేమో అప్లికేషన్‌ని తిట్టుకుంటారు. లైనక్స్‌లో ‘టాప్’ కమాండ్ చూపించే స్టీల్ టైమ్ (పని ఉన్నా సీపీయూ దక్కని సమయం) కూడా వీఎంవేర్ మీద స్టీల్ క్లాక్ సెట్టింగ్ ఆన్ చేయకపోతే సున్నాగానే ఉంటుంది. ఆ సున్నా చూసి నిశ్చింతగా ఉండకూడదు. వీఎం లోపల పెట్టే వీఎంవేర్ టూల్స్ అనే సహాయక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయి ఉంటే, దాని కమాండ్ లైన్ టూల్‌లో స్టాటిస్టిక్స్ విభాగం సీపీయూ లిమిట్‌ని మెగాహెర్ట్జ్‌లో చెబుతుంది. ముందు అది చూడండి.

2. మీది ఏ అలొకేషన్ మోడలో తెలుసుకోండి

పోర్టల్‌లో మీ వర్చువల్ డేటా సెంటర్ (మీకు కేటాయించిన రిసోర్సులన్నీ ఉండే చోటు) వివరాల్లో ఇది ఉంటుంది. లేకపోతే ప్రొవైడర్‌ని అడగండి, దాచాల్సిన విషయం కాదు.

‘పే యాజ్ యు గో’ అయితే లిమిట్ ప్రతి వీఎం మీదా విడిగా పడుతుంది. వీసీపీయూ వేగం అని ప్రొవైడర్ ఒక అంకె పెడతాడు. దాన్ని వీసీపీయూల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే లిమిట్. ‘అలొకేషన్ పూల్’ అయితే లిమిట్ మీ వీఎంలన్నీ పంచుకునే రిసోర్స్ పూల్ మొత్తానికి ఉంటుంది, అందులో గ్యారంటీ శాతం మేరకు రిజర్వ్ అవుతుంది. ఒక పద్ధతిలో ప్రతి ఇంటి కుళాయికీ విడిగా బిరడా బిగిస్తారు, రెండో దాంట్లో వీధి మొత్తానికి ఒకే వాల్వ్ పెడతారు. ‘రిజర్వేషన్ పూల్’‌లో కేటాయించినదంతా మీకే రిజర్వ్ అయి ఉంటుంది. ఏ వీఎంకి ఎంత లిమిట్, ఎన్ని షేర్లు అన్నది మీరే పెట్టుకోవచ్చు. అంటే లిమిట్ తప్పుగా ఉంటే అది మీవాళ్లు పెట్టిందే కావచ్చు. 9.7 వెర్షన్‌లో వచ్చిన ‘ఫ్లెక్స్’‌లో వీటన్నిటినీ కలిపి వాడొచ్చు, కాబట్టి అక్కడ మోడల్ పేరు తెలిస్తే సరిపోదు, వీఎంకి తగిలించిన సైజింగ్ పాలసీ (వీసీపీయూలు, వేగం, లిమిట్ లాంటివి నిర్ణయించే సెట్టింగ్) కూడా చూడాలి.

3. కాగితం మీద లెక్క వేయండి

‘పే యాజ్ యు గో’, వీసీపీయూ వేగం 1 గిగాహెర్ట్జ్, మీ వీఎంకి 4 వీసీపీయూలు అనుకుందాం. లిమిట్ 4,000 మెగాహెర్ట్జ్. హోస్ట్ కోర్ 2.6 గిగాహెర్ట్జ్ కాబట్టి, టర్బోని (కోర్ తాత్కాలికంగా వేగం పెంచుకోవడాన్ని) పక్కన పెడితే, నాలుగూ పూర్తిగా తిరిగితే 10.4 గిగాహెర్ట్జ్ కావాలి. దక్కేది 4. అంటే నాలుగూ బిజీగా ఉన్నప్పుడు ఒక్కోటి తన వేగంలో 38 శాతం దగ్గరే ఆగిపోతుంది.

అయితే లిమిట్ వీఎం మొత్తానికి ఉమ్మడి. ఒక్క వీసీపీయూ మాత్రమే పని చేస్తుంటే దానికి పూర్తి 2.6 గిగాహెర్ట్జ్ దొరుకుతుంది. అందుకే ఒకే థ్రెడ్‌తో చేసిన స్పీడ్ టెస్ట్ భేషుగ్గా వస్తుంది, అసలు లోడ్ పడగానే వీఎం చతికిలపడుతుంది. టెస్ట్ చేసేటప్పుడు ఒకసారి ఒక థ్రెడ్‌తో, ఇంకోసారి అన్ని వీసీపీయూలూ నిండేలా చేయండి.

ఇదే వీఎంకి 6 వీసీపీయూలు ఇస్తే లిమిట్ 6,000 అవుతుంది, నిజంగానే మెరుగవుతుంది. అలొకేషన్ పూల్‌లో వీసీపీయూలు పెంచినంత మాత్రాన మీరు కొన్న మొత్తం కోటా పెరగదు. పూల్‌కి 10 గిగాహెర్ట్జ్ ఉంటే, ఒక వీఎంలో రాత్రి బ్యాకప్ మొదలవగానే మిగతావన్నీ కుంటుతాయి. వీసీపీయూలు పెంచితే ఆ పదిలోనే లాగేవాళ్లు ఎక్కువవుతారు. అక్కడ పూల్‌ని పెంచాలి, లేదా బ్యాకప్ వేళ మార్చాలి.

4. సీపీయూ రెడీతో నిర్ధారించుకోండి

వీసీపీయూకి పని ఉండి, ఫిజికల్ కోర్ దొరక్క వేచి ఉన్న సమయమే సీపీయూ రెడీ. వీఎంవేర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ అయిన వీసెంటర్ రియల్ టైమ్ చార్ట్‌లో ఇది 20 సెకన్లకు ఒకసారి మిల్లీసెకన్లలో వస్తుంది. వీఎం మొత్తానికి చూపే అంకెని 20,000తో భాగించి, వందతో గుణించి, వీసీపీయూల సంఖ్యతో మళ్లీ భాగించండి. ఈ చివరి భాగహారం మరిచిపోయి కంగారుపడేవాళ్లు ఎక్కువ. పై ఉదాహరణలో నాలుగూ నిండితే సుమారు 49,000 మిల్లీసెకన్లు, అంటే వీసీపీయూకి 62 శాతం వరకు కనిపించాలి.

రెడీ పెరిగిందంటే లిమిట్ వల్ల కావచ్చు, హోస్ట్ మీద రద్దీ వల్ల కావచ్చు. విడదీయడానికి హోస్ట్ మీద నడిచే ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే టూల్‌లో ‘ఎంఎల్‌ఎంటీడీ’ అనే శాతం ఉంది. లిమిట్ వల్ల కావాలని ఆపిన సమయం అది, రెడీలో కలిసే ఉంటుంది. రెండూ దాదాపు సమానమైతే దోషి లిమిట్. ఎంఎల్‌ఎంటీడీ సున్నాకి దగ్గరగా ఉండి రెడీ మాత్రం ఎక్కువైతే హోస్ట్ కిక్కిరిసింది. ఈ టూల్ ప్రొవైడర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఏ రోజు ఏ గంటలో మందగించిందో రాసి ఈ రెండు అంకెలూ అడగండి. ‘సర్వర్ స్లోగా ఉంది’ అని రాసిన టికెట్‌కి ‘మా వైపు అంతా బాగుంది’ అనే జవాబే వస్తుంది.

వేరే క్లౌడ్‌లో ఉంటే పేర్లు మారతాయి. అమెజాన్ క్లౌడ్‌లోని టీ3 రకం వీఎంలలో లిమిట్ క్రెడిట్ల రూపంలో ఉంటుంది. ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూ ఒక నిమిషం పూర్తి వేగంతో నడవడం. టీ3 మైక్రోకి గంటకు 12 క్రెడిట్లు జమవుతాయి, రెండు వీసీపీయూలకూ బేస్‌లైన్ 10 శాతం. స్టాండర్డ్ మోడ్‌లో క్రెడిట్లు అయిపోతే ఆ పది శాతానికి పడిపోతుంది. టీ3కి డిఫాల్ట్‌గా ఉండే అన్‌లిమిటెడ్ మోడ్‌లో వేగం తగ్గదు, బేస్‌లైన్‌ని మించి వాడుతూ పోతే బిల్లు పెరుగుతుంది.

5. మార్చాక మళ్లీ కొలవండి

వీసీపీయూ వేగం పెంచినా, సైజింగ్ పాలసీ మార్చినా, అదే లోడ్‌తో అదే కొలత తీసుకోండి. రెడీ తగ్గి, గెస్ట్‌లో ఇంకా 100 శాతం ఉంటే అప్పుడు నిజంగానే కోర్లు చాలడం లేదని అర్థం. ఏమీ మారకపోతే వీఎం సెట్టింగ్స్‌లో చేత్తో పెట్టిన పాత లిమిట్ ఉందేమో చూడండి. టెంప్లేట్‌లో ఒకసారి లిమిట్ ఉండిపోతే దాని నుంచి క్లోన్ చేసిన ప్రతి వీఎంకీ అది అంటుకుంటుంది. ఒక్కో వీఎంలో తీసేసుకుంటూ పోకుండా ముందు టెంప్లేట్‌లోనే తీసేయండి.