వానల్లో ఎయిర్ రైఫిల్ సాధన: గుండు ఎంపిక నుంచే జాగ్రత్త

తొలకరి పడిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన డాబా మీద నుంచి లోపలికి మారుతుంది. రేకుల షెడ్డు, పొడుగాటి వసారా, ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా ఉండే కల్యాణ మండపం... పన్నెండు మీటర్ల పొడవు ఎక్కడ దొరికితే అక్కడ గురి కార్డు వేలాడుతుంది. తలుపులు మూసిన గదిలో గుండు ఏ లోహంతో చేసింది, దేనికి తగిలి ఎటు పోతుంది అన్నవి ఆరుబయట కంటే చాలా ఎక్కువ పట్టించుకోవాలి. వానాకాలం సరుకు కొనే ముందే ఇవి తేల్చుకోండి.

ముందు రాగి సంగతి. ముద్ద రాగి తూటాలు దూరం గురికి గొప్పవని చదివి, ఎయిర్ గన్‌కీ రాగి గుళ్ళే మేలనుకునే కుర్రాళ్ళున్నారు. ఆ తూటాలు వేరే దేశాల్లో వేట రైఫిళ్ళ కోసం పుట్టినవి. సీసం తూటా జంతువు ఒంట్లో ముక్కముక్కలుగా చిట్లుతుంది. ఆ ముక్కలు మాంసంలోనూ, అడవిలో వదిలేసిన పేగుల్లోనూ ఉండిపోతాయి, తిన్న రాబందులకు విషమెక్కుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధించడానికి ఇదే ముఖ్య కారణం. రాగి అలా చిట్లదు, ముందు భాగం పువ్వులా విచ్చుకుంటుంది. కానీ విచ్చుకోవాలంటే తగిలేటప్పటికి ఇంకా సెకనుకు సుమారు 550–600 మీటర్ల వేగం మిగిలుండాలి. పైగా సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములైతే రాగిది 8.96 మాత్రమే. అంత బరువూ రావాలంటే రాగి తూటా పొడుగు పెరుగుతుంది, పొడుగు తూటా నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపలి మెలి గాడులు మరింత బిగువుగా ఉండాలి.

ఈ లెక్కల్లో ఒక్కటీ మన ఎయిర్ రైఫిల్‌కి అతకదు. పోటీ రైఫిల్‌లో 0.53 గ్రాముల గుండు సెకనుకు 170–175 మీటర్ల వేగంతో వెళ్తుంది, దాని శక్తి సుమారు ఎనిమిది జౌళ్ళు. అంత చిన్న గాలి తోపుకి గట్టి రాగి గాడుల్లో ఒదగదు. సీసం మెత్తన కాబట్టి ఒదుగుతుంది, తిరుగుతుంది, గురికి పోతుంది.

బజారులో రాగి రంగులో మెరిసే గుండ్రటి గుళ్ళు కూడా దొరుకుతాయి. వాటిలో చాలా వరకు రాగి పూత పూసిన ఉక్కు గుళ్ళే. ఒక అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి: అతుక్కుంటే లోపల ఉక్కు. అవి నున్నటి గొట్టం ఉన్న బొమ్మ తరహా గన్‌లకు చేసినవి. గాడులున్న బ్యారెల్‌లో వేస్తే గాడులు గీరుకుపోతాయి, ఆ బ్యారెల్ మళ్ళీ పోటీకి పనికిరాదు. అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. సీసం గుండు ఇనప రేకుకి తగిలితే అప్పడంలా చదునై కింద పడుతుంది. ఉక్కు గుండు చదును కాదు, వచ్చిన దారినే వెనక్కి ఎగురుతుంది. పది మీటర్ల గదిలో ఆ దారి మీ ముఖం దగ్గర ముగుస్తుంది. మూసిన గదిలో ఉక్కు గుళ్ళు వద్దే వద్దు.

ఇక మిగిలేవి సీసం, తగరం. తగరం గుళ్ళు 0.35 గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. సీసం దుమ్ము బెడద లేదు, చిన్న పిల్లలున్న ఇంట్లో అదొక పెద్ద ఊరట. కాకపోతే తేలిక వల్ల వేగం ఎక్కువ, సీసం కంటే గట్టి కాబట్టి కొంచెం ఎక్కువగా వెనక్కి చిమ్ముతుంది, చాలా బ్యారెళ్ళలో గుంపు (ఒకే గురికి కాల్చిన కన్నాలన్నీ పడ్డ మేర) కాస్త విచ్చుతుంది. పసిపిల్లలు తిరిగే ఇంటి వసారాలోనే సాధన తప్పదంటే తగరం తీసుకోండి, గుంపు రెండు మిల్లీమీటర్లు విచ్చినా ఫరవాలేదు. విడిగా షెడ్డు ఉండి, శుభ్రత గట్టిగా పాటించగలిగితే సీసమే మంచిది.

సీసంలో చదును తల రకమే కొనండి, కార్డుకి గుండ్రటి శుభ్రమైన కన్నం పడుతుంది. మొన తేలిన రకం కాగితాన్ని చింపుతుంది, గీత మీద పడ్డ గుండు ఎన్ని పాయింట్లో తేల్చలేం. డబ్బా మీద తల కొలత చూడండి: 4.48 నుంచి 4.52 మిల్లీమీటర్ల వరకు వస్తాయి. 4.5 బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) కదా అని 4.50 కళ్ళు మూసుకుని తీసుకోకూడదు, ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి నప్పుతుంది. రెండు మూడు కొలతల డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి, రైఫిల్‌ని ఇసక సంచుల మీద ఆనించి, ఒక్కో కొలతలో పదేసి గుళ్ళు ఒకే కార్డు మీద కాల్చండి. కన్నాల బయటి అంచు నుంచి బయటి అంచుకి 6 మిల్లీమీటర్లలోపు ఉంటే ఆ డబ్బా ఉంచుకోండి, 7 దాటితే వదిలేయండి. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే అని గుర్తుంటే ఈ తేడా ఎంత ఖరీదో అర్థమవుతుంది. నప్పిన డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసుకుని, సీజనుకి సరిపడా ఆ నంబరే కొనండి. అదే కంపెనీ, అదే కొలత, వేరే బ్యాచ్ అయితే మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాల్సిందే.

గుండు వెనక వైపు బోలుగా ఉండే పల్చటి అంచుని స్కర్ట్ అంటారు. గాలిని పట్టేది అదే. దారిలో డబ్బా కిందపడితే అది నొక్కుకుపోతుంది. ఒక తెల్ల కాగితం కొద్దిగా వాలుగా పెట్టి గుళ్ళు దొర్లించండి. మంచి గుండు ఒక వంపులో సాఫీగా దొర్లుతుంది, నొక్కు పడ్డది ఎగిరెగిరి దొర్లి మధ్యలో ఆగుతుంది. అలాంటివి పక్కన పెట్టేయండి.

మన తీరంలో తేమకి తోడు ఉప్పు గాలి ఉంది. సోంపేట, కళింగపట్నం వైపు మూత సరిగా పెట్టని డబ్బాలో సీసం మీద తెల్లటి బూడిద లాంటి పొర కడుతుంది. అది సీసం తుప్పు, గుండు కంటే ఆ పొడే ముందు ఒంట్లోకి పోతుంది. ఊదకండి, గుడ్డతో తుడిచి వాడుకుందామనుకోకండి, ఆ డబ్బా తీసేయండి. కొత్త డబ్బాలని సిలికా జెల్ పొట్లంతో గాలి చొరబడని పెట్టెలో పెట్టండి.

గుండు ఆపే పెట్టె గురించి. 3 మిల్లీమీటర్ల ఇనప పలకని పెట్టె లోపల 45 డిగ్రీలు కిందికి వాలేలా బిగించండి, చదునైన గుండు కింది ట్రేలో పడుతుంది. నిటారుగా బిగిస్తే ముక్కలు కాల్చేవాళ్ళ వైపే చిమ్ముతాయి. పాత టైరు, గట్టి చెక్క, మందం రబ్బరు వాడకండి, సీసాన్ని కూడా అవి బంతిలా వెనక్కి కొడతాయి. పెట్టె వెనక గోడకి గోనె సంచులు రెండు పొరలు కడితే, గురి తప్పిన గుండు పెచ్చుతో సహా తిరిగి రాకుండా ఆగుతుంది. కార్డు మధ్య భాగం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తు. కార్డు మీద కనీసం 1500 లక్స్ వెలుతురు పడాలి. మబ్బు పట్టిన మధ్యాహ్నం ఒక్క బల్బుతో సరిపెడితే కళ్ళు అలిసి గురి చెదురుతుంది, తప్పు రైఫిల్ మీదకి పోతుంది. కాల్చేవాళ్ళూ చూసేవాళ్ళూ కళ్ళద్దాలు పెట్టుకోవాలి. లక్ష్యం వైపు తలుపు ఉంటే లోపలి నుంచి గడియ వేయాలి.

సీసం దుమ్ముని చీపురుతో ఊడవకండి. పొడి చీపురు ఆ దుమ్ముని గాల్లోకి లేపుతుంది, మూసిన గదిలో అది ఊపిరితిత్తులకే చేరుతుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టేయండి. గుళ్ళు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. సాధన మధ్యలో టీ, బజ్జీలు వద్దు. అయ్యాక సబ్బుతో చేతులూ ముఖమూ కడుక్కోవాలి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. సీసం పిల్లల మెదడుకి చేటు చేస్తుంది, ఇంత వరకు ఫరవాలేదనే హద్దు లేదు.

ట్రేలో పోగైన సీసం గురించి ఒక మాట. వల గుళ్ళు పోసుకోవడానికి సీసం అడిగేవాళ్ళు మన తీర గ్రామాల్లో ఉంటారు. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వంటింటి పొయ్యి మీదే కరిగించేస్తారు. ఆ పొగా, గిన్నెకి మిగిలే మసీ ఇంటిల్లిపాదికీ విషం. ట్రే సీసం ఊరికే పంచకండి, మూత గట్టి డబ్బాలో దాచి పాత లోహం కొనేవాళ్ళకే ఇవ్వండి.

రైఫిల్‌కి గాలినిచ్చే సిలిండరు నింపించడానికి వెల్డింగు షాపుకి వెళ్ళకండి. అక్కడ ఉండేది ఆక్సిజన్. రైఫిల్ లోపలి గ్రీజుకి ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది, చేతులు పోతాయి. పంక్చరు షాపు కంప్రెసర్ పదీ పన్నెండు బార్‌ల ఒత్తిడికి మించి ఇవ్వదు, రైఫిల్ సిలిండరుకి 200 బార్ కావాలి. తేమ తీసే ఫిల్టరు ఉన్న చేతి పంపు గాని, పీల్చే గాలి నింపే అధిక ఒత్తిడి కంప్రెసర్ గాని వాడండి. వానాకాలంలో ఫిల్టరు గుళికల రంగు మారిందేమో వారానికోసారి చూడండి, తడి గాలి లోపల చేరితే సిలిండరు లోపలి నుంచే తుప్పు పడుతుంది. సిలిండరు మీద గడువు తేదీ చెక్కి ఉంటుంది, మామూలుగా తయారైన పదేళ్ళ వరకు. గడువు దాటినదాన్ని పోటీ తనిఖీలో ఆపేస్తారు, ఇంట్లోనూ నింపకూడదు.

బ్యారెల్‌ని ఇనప కడ్డీతో పొడవకండి. ఐదొందల గుళ్ళకోసారి వెనక వైపు నుంచి ఫెల్ట్ గుళ్ళు (బ్యారెల్ తుడిచే మెత్తటి ఉన్ని బిళ్ళలు) రెండు తోయండి చాలు. స్ప్రింగ్ రకం గన్‌లో మాత్రం వాటిని కాల్చకూడదు, ఉత్తి ట్రిగ్గరూ నొక్కకూడదు. ముందు గుండు అడ్డం లేక పిస్టన్ వెళ్ళి గోడకి గుద్దుకుంటుంది.

ఒక చట్టం విషయం. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు గాని, శక్తి 20 జౌళ్ళు గాని దాటితే లైసెన్సు ఉండాలి. స్ప్రింగు మార్పించి శక్తి పెంచుకోవడం ఈ గీత దాటించవచ్చు. లైసెన్సు అక్కర్లేని గన్ అయినా పక్షుల మీద గురి పెట్టే హక్కు ఇవ్వదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చేదీ వానలు తగ్గే రోజుల్లోనే, చెట్ల మీద గూళ్ళు కట్టి వేసవి దగ్గరపడేదాకా ఉంటాయి. వాటిని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఎయిర్ గన్ అయినా అంతే. సెలవుల్లో కుర్రాళ్ళు ఊళ్ళోకి గన్ తీసుకెళ్తున్నారంటే గుళ్ళ డబ్బాని వేరే బ్యాగులో, వేరే మనిషి దగ్గర ఉంచండి.