ఎగ్జిమా ఉన్న పిల్లల్లో హెర్పిస్ ఇన్ఫెక్షన్‌ను గుర్తించడం ఎలా?

పెదవుల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ మామూలు చర్మం మీద ఒక చోటే ఉండి తగ్గిపోతుంది. ఎగ్జిమాతో, అంటే చర్మం పొడిబారి ఎర్రగా దురదపెట్టే జబ్బుతో, దెబ్బతిన్న చర్మానికి తగిలితే మాత్రం వేగంగా పాకుతుంది. దీన్నే ఎగ్జిమా హెర్పెటికమ్ అంటారు. ఆలస్యం చేస్తే ప్రమాదం, అందుకే ఇంట్లోవాళ్లు ముందుగా పసిగట్టడం ముఖ్యం.

1. పిల్లల్ని మంచి వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. ఎగ్జిమా ఉన్న చోటే, ఎక్కువగా ముఖం, మెడ మీద, చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచాయా? అన్నీ ఇంచుమించు ఒకే సైజులో, 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటాయి. కొన్నింటికి నడుమ గుంట కనిపిస్తుంది. అవి పగిలాక పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిన్న పుండ్లు మిగులుతాయి. నాకు తెలిసి అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు ఇదే.

2. దురదా, నొప్పా అని అడగండి. ఎప్పుడూ గోక్కునే పిల్లలు ఇప్పుడు ముట్టుకోనివ్వకపోతే అనుమానించాలి. జ్వరం, నీరసం, మెడ దగ్గర బిళ్లలు కట్టడం కూడా ఉండొచ్చు.

3. వేరే జబ్బులతో పోల్చి చూడండి. మన ఇళ్లలో పొక్కులు కనిపించగానే "అమ్మవారు పోసింది" అని వేపాకు పరిచి పడుకోబెడతారు. ఆటలమ్మలో పొక్కులు ఒంటి నిండా లేస్తాయి, కొత్తవీ ఎండినవీ పక్కపక్కనే ఉంటాయి. నొప్పి, జ్వరం లేకుండా నెలల తరబడి ఉండే నున్నటి గుంట బుడిపెలు మొలస్కమ్ అనే వేరే వైరస్ జబ్బు కావచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు. తేనె రంగు చెక్కు కడితే బ్యాక్టీరియా. అయితే హెర్పిస్ పుండ్ల మీద అది కూడా చేరుతుంది కాబట్టి చెక్కు చూసి ధైర్యపడకండి.

4. అనుమానం వస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఎసిక్లోవిర్ అనే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పొక్కులు కంటి దగ్గర ఉన్నా, పసిబిడ్డ అయినా, బిడ్డ మగతగా ఉన్నా రాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కంటికి సోకితే చూపే దెబ్బతినొచ్చు.

ఎగ్జిమా ముదిరిందనుకుని మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దయచేసి రాయొద్దు. ఇప్పటికే వాడుతున్న క్రీము కొనసాగించాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి.

పెదవి మీద పొక్కు ఉన్న పెద్దవాళ్లు, అమ్మమ్మ అయినా సరే, అది పూర్తిగా మానేదాకా బిడ్డకి ముద్దు పెట్టకూడదు. తువ్వాలు కూడా వేరుగా ఉంచండి.