లాటిన్ పూజకు ముందు చూసుకోవలసినవి

విశాఖలో పాత పద్ధతి లాటిన్ దివ్యబలిపూజ (కతోలికుల మాస్) జరిపించాలనుకుంటే, పాటల ప్రాక్టీసు కంటే ముందు అనుమతి సంగతి చూడండి. 2021 జూలై 16 నుంచి నిర్ణయం మేత్రాణులదే (బిషప్‌దే). విచారణ గుడిలోనే (పారిష్ చర్చిలోనే) జరపాలంటే 2023 నుంచి రోము, అంటే వాటికన్, సమ్మతి కూడా కావాలి. ఆ 2021 తేదీ తర్వాత అభిషేకం పొందిన గురువులకూ (ఫాదర్లకూ) అంతే. నోటిమాట నమ్ముకోకండి, ఉత్తరం చేతికి రావాలి.

- పూజ పుస్తకం 1962 నాటిదేనా?
- బైబిలు పఠనాలు తెలుగులో, మేత్రాణుల సమాఖ్య ఆమోదించిన అనువాదం నుంచే.
- పీఠ బాలకులకు (పూజలో గురువుకు సాయం చేసే పిల్లలకు) లాటిన్ జవాబులు తెలుగు లిపిలో రాసివ్వండి. ‘ఎత్ కుమ్ స్పిరితు తూఓ’ అనడానికి నోరు తిరగాలి, పిల్లలు పెద్దవాళ్ల కంటే త్వరగానే పట్టేస్తారు.
- సత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) గంట ముందు నుంచి ఉపవాసం. స్వీకరించేది మోకరించి, నాలుక మీద. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిలబడితే తప్పులేదు.
- కొవ్వొత్తుల వైపు ఫ్యాన్లు మాత్రమే ఆపండి. మన ఉక్కలో అన్నీ ఆపితే జనం కూర్చోలేరు.