డెమాలిషన్ డెర్బీకి పాత లింకన్ కారును సిద్ధం చేయడం ఎలా?

పొట్టేళ్ల పందెం చూసినవాళ్లకు డెమాలిషన్ డెర్బీ గురించి వేరే చెప్పక్కర్లేదు. పొట్టేళ్ల బదులు కార్లు, అంతే తేడా. అమెరికాలో వేసవి కౌంటీ ఫెయిర్‌లలో, అంటే అక్కడి జిల్లా తిరునాళ్లలో, నీళ్లు కొట్టి బురద చేసిన మైదానంలోకి పాత కార్లను వదులుతారు. గుద్దుకోగా గుద్దుకోగా చివరికి ఏది కదులుతుంటే దానిదే గెలుపు. ఒహాయోలో ఉంటున్న నేను ఏటా ఒక బండి తయారు చేస్తాను. పెట్రోలు ట్యాంకు దగ్గర ఎవరో ఒకరు పప్పులో కాలేయడం కూడా ఏటా చూస్తున్నాను. ఓపిక నశించి రాస్తున్నది ఇది.

కారు విషయంలో చర్చ లేదు. 1991 నుంచి ఆ దశాబ్దం చివరి దాకా వచ్చిన, ఫోర్డ్ వాళ్ల లింకన్ టౌన్ కార్ తీసుకోండి. ఒకప్పుడు షావుకార్లు వెనక సీట్లో కాళ్లు చాపుకుని తిరిగిన బండి ఇప్పుడు పాత ఇనుము రేటుకు కాస్త అటూఇటూగా దొరుకుతుంది. బాడీ కింద విడిగా ఫ్రేమ్, అంటే ఇనుప చట్రం ఉంటుంది, ఎనిమిది సిలిండర్ల 4.6 లీటర్ల వీ8 ఇంజన్ వెనక చక్రాలను తిప్పుతుంది. ఆ కాలపు కాడిలాక్ డివిల్ కూడా చవకే, కానీ విడి ఫ్రేమ్ లేదు, ఇంజన్ ముందు చక్రాలను తిప్పే బండి. నాకొద్దు, మీకూ వద్దు. 1960ల మధ్యలో వచ్చిన క్రైస్లర్ వాళ్ల ఇంపీరియల్ కారు దొరికిందని ఎవరైనా ఊరిస్తే సంబరపడకండి. అది మరీ మొండి బండి కావడంతో చాలా డెర్బీల్లో రానివ్వరు.

ముందు మీ ఫెయిర్ రూల్స్ కాగితం తెచ్చుకుని రెండుసార్లు చదవండి. ఎక్కడ వెల్డింగ్ చేయొచ్చు, ఎన్ని చోట్ల గొలుసు కట్టొచ్చు అన్నది ఊరికో రకం.

ఇక ఊడదీయడం. బ్యాటరీ తీగ తీసేసి పావుగంట ఆగాకే ఎయిర్‌బ్యాగ్‌ల జోలికి వెళ్లండి. ఏసీ గ్యాస్‌ను గాలిలోకి వదలడం అమెరికాలో చట్టరీత్యా నేరం, షాపులో తీయించండి. అద్దాలు, లైట్లు, సీట్లు, కార్పెట్, ప్లాస్టిక్ అన్నీ బయటికి. అద్దాలను పగలగొట్టకుండా విప్పండి. తలుపుల్లో మిగిలిన ముక్కలు గుద్దినప్పుడు ఎగిరి మీ మీదే పడతాయి. వెనక ఎయిర్ సస్పెన్షన్ తీసేసి, రూల్స్ ఒప్పుకుంటే ఇదే కుటుంబానికి చెందిన గ్రాండ్ మార్కీ కారు స్ప్రింగులు వేయండి. తలుపులు వెల్డింగ్ చేయండి, బానెట్‌కు మంటలార్పే వాళ్ల కోసం రంధ్రం కోయండి, బ్యాటరీని పక్క సీటు దగ్గర నేలకు బిగించండి. రేడియేటర్‌లో మంచినీళ్లే పోయాలి, కూలెంట్ వద్దు. ఇదంతా రెండు వారాంతాల పని, ఎవరైనా చేస్తారు.

అసలు కష్టం ట్యాంకుది. ఈ కార్లో అది వెనక ఇరుసుకూ డిక్కీకీ మధ్య ఉంటుంది. డెర్బీలో రేడియేటర్‌ను కాపాడుకోవడానికి అందరూ వెనక్కి నడిపి వెనక భాగంతోనే గుద్దుతారు. అంటే దెబ్బలు తినే చోటే పెట్రోలు. ఇదే కుటుంబానికి చెందిన క్రౌన్ విక్టోరియా పోలీసు కార్లను వెనక నుంచి గుద్దితే మంటలు రేగిన సంఘటనలు జరిగాకే, 2002లో ఫోర్డ్ ట్యాంకుకు రక్షణ కవచాలు ఇచ్చింది.

కాబట్టి అన్నిటికన్నా ముందు, ఒక్క నిప్పురవ్వ కూడా పుట్టకముందే ట్యాంకు దించేయండి. పెట్రోలు తోడేశాం కదా అని దాని పక్కన వెల్డింగ్ పెట్టే మహానుభావులున్నారు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

దాని బదులు 20 లీటర్ల ఇనుప ట్యాంకును వెనక సీటు ఉండిన చోట, సరిగ్గా మధ్యలో పెట్టండి. నేల కింద వెడల్పాటి ప్లేట్లు వేసి, ఇనుప పట్టీలతో, బోల్టులతో బిగించండి. గుడ్డ బెల్టులు వద్దు, మంట తగిలితే ముందు తెగేవి అవే.

పంపు ఇంకో తలనొప్పి. అసలు పంపు పాత ట్యాంకులోనే ఉండిపోయింది కదా. కార్బురేటర్ బళ్లకు వాడే చిన్న పంపు 5 నుంచి 7 పీఎస్ఐ ఒత్తిడి ఇస్తుంది, పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఈ ఇంజన్‌కు సుమారు 40 కావాలి. అందుకని ఇంజెక్షన్ పంపే కొని, ట్యాంకు కన్నా కిందకు బిగించండి. ఈ పంపులు తోయగలవు గానీ పీల్చలేవు. గొట్టాలు, క్లాంపులు కూడా ఇంజెక్షన్ రకమే వాడాలి. ఒక కుర్రాడు మామూలు రబ్బరు గొట్టం వేసుకొచ్చాడు. రెండో గుద్దుకే అది ఊడి, పెట్రోలు వేడి సైలెన్సర్ గొట్టం మీద పడింది. ఫైర్ వాళ్లు పక్కనే ఉన్నారు గనక కనుబొమలు కాలడంతో సరిపోయింది. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపే గొట్టం ఉంటే దాన్నీ కలపండి, మూసేయొద్దు.

ఇంకొకటి. డిక్కీలో ఎడమవైపు చిన్న స్విచ్ ఉంటుంది. గట్టి దెబ్బ తగలగానే పంపును ఆపేయడం దాని పని. రోడ్డు మీద అది ప్రాణం కాపాడుతుంది, డెర్బీలో మొదటి గుద్దుకే మిమ్మల్ని ఇంటికి పంపుతుంది. ఆ రెండు తీగలూ కలిపేయాల్సిందే. అయితే కలిపేశాక పంపు తనంతట తాను ఆగదు. బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు మీ చేతికి, కిటికీలోంచి బయటివాళ్ల చేతికి అందేలా ఎర్ర స్విచ్ ఒకటి పెట్టండి. ఇది లేని బండిని నేను స్టార్ట్ కూడా చేయనివ్వను.

చివరిగా ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పరిచి, ఇంజన్ ఆపి, పంపు ఒక్కటే పది నిమిషాలు నడపండి. ఒక్క కాగితం తడిసినా మళ్లీ మొదటి నుంచి. కాగితాలన్నీ పొడిగా ఉంటే రంగు డబ్బా పిల్లలకిచ్చి నంబరు వేయించండి. మా బండి మీద నిరుడు 7 తలకిందులుగా పడింది.